నలభై ఇద్దరికీ ఒకే ముఖం

జూలై 8, సోమవారం

తొమ్మిదో తరగతి వాళ్ళకి ఇవాళ కొలాజ్ ఇచ్చాను. విషయం "అందరిలా, నాలా". పెన్సిల్ ముట్టుకోకూడదు. పాత పత్రికలు, కరపత్రాలు, గుడ్డ పీలికలు, బస్సు టికెట్లు, ఏది దొరికితే అది కత్తిరించి అట్ట మీద అంటించాలి. అందరిలా ఉండటమంటే ఏమిటో, నాలా ఉండటమంటే ఏమిటో ఆ అట్ట చూస్తే తెలియాలి. వచ్చే వారం శుక్రవారం దాకా గడువు.

"మార్కులున్నాయా మేడమ్?" అన్నాడు ముందు బెంచీ వాడొకడు.

"లేవు."

"మరెందుకు మేడమ్?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేశాను. డ్రాయింగ్ టీచరుగా చేరి పదకొండేళ్ళయింది, ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తూనే ఉన్నారు.

వెనక బెంచీలో వంకరపాపిడి మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అప్పుడే మనసులో ఏదో కత్తిరించడం మొదలుపెట్టినట్టుంది. ఆ పేరు నేను పెట్టిందే, ఈ డైరీలో వాడుకోవడానికి. వాళ్ళమ్మ మా స్కూలు యూనిఫాంలు కుట్టే ఆవిడ. నాలుగొందల మంది పిల్లల్ని భుజం నుంచి మోకాలు దాకా కొలిచి కుట్టే ఇంట్లో పుట్టి, ఈ పిల్ల ఒక్కరోజు కూడా తిన్నగా పాపిడి తీసుకుని రాలేదు. అడిగితే "అద్దంలో తిన్నగానే ఉంది మేడమ్" అంటుంది.

జూలై 12, శుక్రవారం

పెద్ద మేడమ్ గదిలోకి పిలిచారు. హెడ్మిస్ట్రెస్ అని రాయడానికి బద్ధకం, స్కూల్లో అందరం పెద్ద మేడమ్ అనే అంటాం.

"మీ పర్మినెంటు ఫైలు ఈసారి కదులుతోంది. కమిటీ వాళ్ళకి మీమీద మంచి అభిప్రాయమే ఉంది. ఈ రెండు నెలలూ కాస్త ఒద్దికగా ఉండండి చాలు."

నేను ఎప్పుడు ఒద్దికగా లేనని అడగబోయి మానేశాను. అడక్కపోవడమే కదా ఒద్దిక.

ఈయనకి చెబితే టీ గ్లాసు పక్కన పెట్టి మరీ సంతోషించారు. పదకొండేళ్ళుగా ప్రతి ఏప్రిల్లోనూ "వచ్చే ఏడు ఉంచుతారా, పంపుతారా" అని ఇద్దరం బిక్కుబిక్కుమంటూ ఉండటం అలవాటైపోయింది.

జూలై 19, శుక్రవారం

ఇరవై పైచిలుకు అట్టలు వచ్చాయి. ఎక్కువ భాగం ఒకేలా ఉన్నాయి. ఎడమ పక్క గొర్రెలు, కుడి పక్క ఒక సింహం. ఒకళ్ళని చూసి ఒకళ్ళు చేశారు. "అందరిలా, నాలా" అన్న బొమ్మని అందరూ ఒకేలా చేసుకొచ్చారంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చివర్లో వంకరపాపిడి తెచ్చింది.

అట్ట మధ్యలో పోయినేటి క్లాసు ఫోటో, పెద్దది చేయించినది. నలభై ఇద్దరు పిల్లలు, మూడు వరుసలు. నలభై రెండు మెడల మీదా ఒకే ముఖం. మా స్కూలు అడ్మిషన్ల కరపత్రం మీద నవ్వుతూ ఉండే, అదే క్లాసు ఫస్ట్ ర్యాంకు అమ్మాయి ముఖం. నలభై రెండు కరపత్రాలు పోగేసి, గోరంత ముఖాల్ని అంచు తప్పకుండా కత్తిరించి అంటించింది. మగపిల్లల మెడల మీదా అదే. వెనక వరుసలో తన మెడ మీదా అదే.

అసలు ముఖాలు పారేయలేదు. ఫోటో చుట్టూ, అట్ట అంచుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకి తిరిగి. ఒకడు ఫోటో తీసేటప్పుడు నాలుక బయటపెట్టాడు, ఏడాదిగా ఆ సంగతి ఎవరమూ చూడనేలేదు. ప్రతి ముఖం పక్కనా యూనిఫాం గుడ్డ పీలికలు రెండు. చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే పీలికలు, దగ్గరికెళ్ళి చూస్తే రెక్కలు.

"నువ్వెక్కడ?" అన్నాను.

"వెతకండి మేడమ్."

చాలాసేపు వెతికాను. కింద మూల, సగం ముఖం అట్ట దాటి బయటికి వచ్చేసి ఉంది. గడ్డం కింద మాత్రమే జిగురు రాసింది.

"ఊడిపోతుందేమో."

"ఊడిపోనీండి. అందుకే అలా పెట్టాను."

పదకొండేళ్ళలో ఇలాంటిది నా చేతికి రాలేదు.

జూలై 20, శనివారం

ఇవాళ తల్లిదండ్రుల సమావేశం. ఎనిమిదింటికే వెళ్ళి వరండా బోర్డు మీద ఆ అట్ట పెట్టాను. అదొక్కటే, సరిగ్గా మధ్యలో. నాలుగు గుండుసూదులు గుచ్చాను. వంకరపాపిడి సూదుల డబ్బా పట్టుకుని పక్కన నించుంది. వరండాలో ఇంకెవరూ లేరు.

"నిజంగా పెడతారా మేడమ్?"

"బాగున్నదాన్ని దాచుకుంటామా?" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు నేను ఎంతో నచ్చాను.

జూలై 22, సోమవారం

గొడవైంది. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి వాళ్ళ నాన్న కమిటీలో ఉన్నాడు. మా పిల్లని నలుగురిలో ఎగతాళి చేస్తారా అని శనివారమే ఎగిరిపడ్డాడట. అట్ట తీసేశారు. తలనొప్పిగా ఉంది, ఇంతకంటే రాయను.

జూలై 23, మంగళవారం

పిలిచారు. అడిగారు. చెప్పాను. ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. మామూలు కాగితమే.

జూలై 24, బుధవారం

రోజంతా వాన. బట్టలు ఆరలేదు.

జూలై 26, శుక్రవారం

వంకరపాపిడికి టీసీ ఇచ్చి పంపేశారు. ఒక రకంగా ఆ పిల్లకి మంచిదేనేమో. ఇక్కడ ఎవరూ తనని సరిగ్గా చూడలేదు. ఇంకో స్కూల్లో కాస్త తెరిపిగా ఉంటుంది. చిన్న వయసు, ఎక్కడైనా ఇట్టే కలిసిపోతారు. పిల్లలు మనలా కాదు, మర్చిపోతారు.

ఈయన అన్నారు: "నువ్వేం చేశావని? నీ స్థానంలో ఎవరున్నా చేసేదే చేశావ్."

అవును. ఎవరున్నా చేసేదే.

జూలై 29, సోమవారం

ఆ అట్ట ఎక్కడుందో ఆఫీసులో అడగాలనుకున్నాను. అడగలేదు.

జూలై 31, బుధవారం

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరి కోసం దాస్తున్నాను? ఇరవై మూడున జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

పెద్ద మేడమ్ గదిలో కమిటీ ఆయన కూర్చుని ఉన్నాడు. బల్ల మీద అట్ట ఉంది.

"ఇది మీరిచ్చిన విషయమేనా?" అన్నారు పెద్ద మేడమ్.

"కొలాజ్ ఇచ్చాను మేడమ్. ఇలాంటిది కాదు."

"ఏమిచ్చారు?"

"ప్రకృతి," అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. తడుముకోకుండా వచ్చేసింది.

"బోర్డు మీద ఎవరు పెట్టారు?"

"తెలియదు మేడమ్. నేను వచ్చేసరికే ఉంది."

అప్పుడు ఆ పిల్లని పిలిపించారు. లోపలికి వచ్చి అట్టని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను కిటికీ వైపు చూడలేదు, నేల వైపూ చూడలేదు. తననే చూశాను. ఏం చెబుతుందోనని కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాను.

"మేడమ్ ప్రకృతి మీద చెయ్యమంటే నువ్వు ఇది చేసుకొచ్చావ్, అంతేనా?" అన్నారు పెద్ద మేడమ్.

"అవును మేడమ్," అంది.

"ఎవరినీ అడక్కుండా నువ్వే బోర్డుకి పెట్టావా?"

"నేనే పెట్టాను. ఈ మేడమ్‌కి తెలియదు."

కాగితం మీద అదే రాసి ఉంది, విషయం ప్రకృతి అనీ, విద్యార్థిని అనుమతి లేకుండా ప్రదర్శించిందనీ. కింద నా సంతకం. బాగా గుండ్రంగా వచ్చింది సంతకం.

తొమ్మిదో తరగతిలో మిగిలిన నలభై ఒక్క మందికీ అసలు విషయం ఏమిటో తెలుసు. వాళ్ళని ఎవరూ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళూ చెప్పలేదు. నన్ను చూసే నేర్చుకుని ఉంటారు.

ఆగస్టు 3, శనివారం

మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఫస్ట్ ర్యాంకు అమ్మాయి డ్రాయింగ్ రూంకి వచ్చింది. ఎప్పుడూ రాదు, డ్రాయింగ్ పీరియడ్‌లో కూడా లెక్కలు చేసుకుంటుంది.

"మేడమ్, ఆ బొమ్మ ఉందా? ఇంకోసారి చూడాలి."

"నా దగ్గర లేదమ్మా. మీ నాన్నగారికి కోపం వచ్చింది కదా."

"నాన్నకి వచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు." గోడకి ఆనుకుని నించుంది. "ఆ కరపత్రానికి ఫోటో తీసిన రోజు నాకు జ్వరం మేడమ్. నవ్వు, నవ్వు అన్నారు. ఎన్నిసార్లు నవ్వానో. అది నాలా ఉండదు. నా అసలు ముఖం అట్ట అంచులో ఉంది, చూశారా? క్లాసు ఫోటోలోది. ఆవులిస్తున్నది. తను నాకు కూడా రెక్కలు పెట్టింది."

నేను చూడలేదు. అంత మెచ్చుకున్నాను, అంత మురిసిపోయి బోర్డుకి పెట్టాను, ఆ ముఖం ఎక్కడుందో వెతకనే లేదు.

"తను ఏ స్కూల్లో చేరింది మేడమ్?"

"తెలియదు," అన్నాను. ఇది మాత్రం నిజం.

ఆగస్టు 9, శుక్రవారం

పర్మినెంటు ఆర్డరు వచ్చింది. స్టాఫ్ రూంలో అందరూ చప్పట్లు కొట్టారు. లెక్కల మాస్టారు "ఇక మీరూ మాలో ఒకరైపోయారు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు పాపం.

ఆగస్టు 11, ఆదివారం

పిల్లలకి ఇచ్చిన పని నేనొకసారి చేసి చూద్దామనిపించింది.

పదకొండేళ్ళ స్టాఫ్ ఫోటోలు బయటికి తీశాను. అన్నిట్లోంచి నన్ను కత్తిరించాను. ప్రతి ఏడూ రెండో వరుసే, చివరి నుంచి రెండో స్థానమే. తల కాస్త ఎడమకి వంచి, పళ్ళు కనపడకుండా ఒక నవ్వు. పదకొండు ముక్కల్నీ వరసగా అంటిస్తే, జుట్టు నెరవడం తప్ప తేడా లేదు. అది "అందరిలా".

"నాలా" వైపు అట్ట ఖాళీగా ఉంది. బీరువా తీశాను, సొరుగులు లాగాను. చీర ముక్క పెడదామంటే అలాంటి చీర మా వీధిలో ముగ్గురికి ఉంది. పెళ్ళికి ముందు వేసిన బొమ్మలు ఉండేవి, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి. పోయాయని ఇవాళే గమనించాను.

ఈయన వచ్చి చూసి, "భలే వచ్చిందే, అన్నీ ఒకే సైజులో కుదిరాయి," అన్నారు.

అట్ట మంచం కిందకి తోసేశాను.

ఆగస్టు 14, బుధవారం

వంకరపాపిడి వాళ్ళమ్మ యూనిఫాంల మూట ఇవ్వడానికి వచ్చింది. మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. తప్పించుకునే దారి లేదు. ఆవిడే మూట దించి దణ్ణం పెట్టింది.

"మీకోసమే చూస్తున్నా మేడమ్. మా పిల్ల వల్ల మీకు మాట వచ్చిందట. దానికి తిక్క ఎక్కువ. మీరొక్కరే దాన్ని మెచ్చుకునేవారు, మీ పేరే పోగొట్టబోయింది. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అదేం లేదండీ," అన్నాను.

అంతే అన్నాను.

"ఇప్పుడు కాలవ అవతలి స్కూల్లో వేశాం. అక్కడ బుద్ధిగా ఉందంటున్నారు. బొమ్మలూ అవీ మానేసింది. అదీ ఒకందుకు మంచిదే లెండి." మూట మళ్ళీ ఎత్తుకుంది. "ఉంటాను మేడమ్. ఈ నెల అందరికీ చొక్కాలు మార్చమన్నారు, పని ఒత్తిడిగా ఉంది."

దణ్ణం పెట్టింది నాకు. నాకు.

ఆగస్టు 15, గురువారం

అన్నం సయించలేదు.

ఆగస్టు 19, సోమవారం

ఇవాళ పెద్ద మేడమ్‌కి చెప్పేశాను. విషయం నేనే ఇచ్చాను, బోర్డుకి నేనే పెట్టాను, ఆ పిల్ల నాకోసం అబద్ధం చెప్పింది అని. ఆపకుండా చెప్పాను.

ఆవిడ రిజిస్టరులోంచి తలెత్తలేదు.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా. అయిపోయింది కదా."

"ఆ పిల్లని వెనక్కి పిలవండి మేడమ్."

"ఆ రోజు మీ ముఖం చూస్తేనే నాకు తెలిసింది," అన్నారు. "ఇద్దర్లో ఒకర్ని పంపితే గానీ కమిటీ ఆయన ఊరుకునేలా లేడు. మీకు ఇల్లు ఉంది, పదకొండేళ్ళ సర్వీసు ఉంది. పిల్లకేముంది, ఇంకో స్కూలు దొరుకుతుంది. నేను మీ వైపే ఆలోచించాను. మీరు దాన్ని పాడు చేసుకోకండి."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ గొంతులో నిజంగానే జాలి ఉంది. నా కోసమే చేశారట. నా చుట్టూ ఎంతమంది నా కోసం చేశారో!

ఆగస్టు 20, మంగళవారం

కమిటీకి ఉత్తరం రాసి ఇచ్చాను. ఒక పేజీ. ఈసారి సంతకం వంకరగా వచ్చింది.

ఆగస్టు 22, గురువారం

మీకు మీరుగా రాజీనామా రాస్తే మర్యాదగా ఉంటుందన్నారు. రాశాను. పిల్లని వెనక్కి తీసుకునే మాట అడిగితే, "సీటు నిండిపోయింది" అన్నారు.

లెక్కల మాస్టారు గేటు దాకా వచ్చి, "ఎందుకండీ ఇంత సాహసం?" అన్నారు. సాహసం అంటే ముప్ఫై రోజుల ముందు చెయ్యాల్సింది. ఇప్పుడు చేసినదానికి వేరే పేరు ఏదో ఉండాలి.

ఈయన నా పక్కన కూర్చుని కూరగాయలు తరిగారు. వంకాయ ముక్కలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు.

ఆగస్టు 24, శనివారం

వాళ్ళింటికి వెళ్ళాను.

ముందు గదిలో మిషన్. నేల మీద గుట్టలు. ఒక గుట్ట అంతా చొక్కాల ఎడమ చేతులే, ఇంకో గుట్ట కుడి చేతులు. ఆవిడ కాలర్లు కుడుతోంది. "రండి మేడమ్, రండి" అంటూ స్టూలు మీద గుడ్డలు తీసి తుడిచింది. పిల్ల లోపలి గదిలో చదువుకుంటోందని చెప్పింది.

కూర్చోకుండానే చెప్పేశాను. మొత్తం. ప్రకృతి అన్న మాటతో సహా.

ఆవిడ కాలు మిషన్ మీదే ఆగిపోయింది. కాలర్ కేసి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"కొట్టాను మేడమ్ దాన్ని."

స్టూలు మీద కూర్చున్నాను.

"గుడ్డలు కొలిచే చెక్క స్కేలు ఉంటుంది చూడండి, దాంతో. టీసీ తెచ్చిన రోజు. అడక్కుండా బోర్డుకి ఎందుకు పెట్టావే అని. టీచరుగారి పేరు చెడగొట్టావే అని. ఒక్కమాట చెప్పి ఉంటే ఆపేసేదాన్ని. కొడుతున్నంతసేపూ అది నోరు విప్పలేదు." కళ్ళు తుడుచుకోలేదు, కాలర్ మీద పడుతున్నాయి. "మీకు దణ్ణం పెట్టాను నేను, ఆ మెట్ల దగ్గర. ఆ రోజన్నా చెప్పలేకపోయారా?"

"చెప్పలేకపోయాను."

"వెళ్ళండి మేడమ్. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. వెళ్ళండి."

వచ్చేశాను. వీధి మలుపు తిరుగుతుంటే వెనక నుంచి పరుగు వినిపించింది. ఆ పిల్లే. చెప్పులు కూడా వేసుకోలేదు. నెల రోజుల్లో పొడుగైనట్టు అనిపించింది.

"ఎందుకు చెప్పారు మేడమ్?"

"నిజం కదమ్మా. అందరికీ చెప్పేశాను. కమిటీకి కూడా రాసిచ్చాను. ఉద్యోగం వదిలేశాను." చెబుతుంటే నా గొంతు నాకే వినిపించింది. ఏదో బహుమతి ఇస్తున్నట్టుంది.

"అమ్మ ఏడుస్తోంది. గోడకి తల కొట్టుకుంటోంది."

నేను ఒక అడుగు ముందుకి వేశాను. తను వెనక్కి వేసింది.

"ఆ రోజు మీరు చాలా భయపడ్డారు మేడమ్. కుర్చీ పట్టుకున్నారు. పెద్దవాళ్ళు అలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. అందుకే చెప్పాను నేనే పెట్టానని. ఎవరూ చెప్పమనలేదు. ఎవర్నీ చూసి చెయ్యలేదు. అమ్మ కొట్టినప్పుడు కూడా చెప్పకూడదనుకున్నాను, చెప్పలేదు." ఊపిరి తీసుకుంది. "నేను నా అంతట నేను చేసింది అదొక్కటే మేడమ్. ఆ అట్ట కూడా మీరు చెయ్యమంటే చేశాను. ఇది నాది. మీరు అందరికీ చెప్పేశారు."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టారు, ఇద్దరం పక్కకి జరిగాం.

"బొమ్మలు మానేశావట," అన్నాను. ఇంకేమీ తోచక.

"ఆ స్కూల్లో చూసి వేయమంటారు. చూసి వేస్తున్నాను. బాగానే వస్తున్నాయి." తర్వాత, చిన్నప్పుడు ఎవరో నేర్పిన మర్యాద గుర్తొచ్చినట్టు, "వెళ్ళొస్తాను మేడమ్, అమ్మ ఒక్కతే ఉంది," అని పరుగెత్తింది.

ఆగస్టు 25, ఆదివారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఎక్కడా నేను క్షమించమని అడగలేదు. వీధి మలుపులో నోటి దాకా వచ్చింది, ఆగిపోయాను. ఎందుకు ఆగానా అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను.

అడిగి ఉంటే, ఆ పిల్ల అది కూడా ఇచ్చేసేది.